చేయి బిగుసుకోకుండా పియానో: మంచి టీచర్ దగ్గర మెట్టుమెట్టుగా నేర్చుకునే పద్ధతి

పియానో క్లాసుల్లో అన్నిటికంటే ఎక్కువగా వినిపించే మాట "రిలాక్స్". అంతగా పనికిరాని మాట కూడా అదే. అది చెవిన పడగానే విద్యార్థి భుజాలు ఒకసారి జార్చి, ఊపిరి వదిలి, మళ్లీ అదే పాఠాన్ని అదే బిగువుతో మొదలుపెడతాడు. అతన్ని అనడానికేం లేదు. బిగబట్టడం అలవాటైన చేతికి ఆ బిగువు తెలియదు, మామూలుగానే ఉన్నాననుకుంటుంది. పోనీ నిజంగానే చెయ్యి పూర్తిగా వదిలేస్తే పియానో మోగదు. బాల్టిమోర్‌లోని పీబాడీ కన్సర్వేటరీలో పనిచేసిన ఆటో ఆర్ట్‌మన్ 1920లలో వాయించేవాళ్ల చేతి కదలికలను పరికరాలతో కొలిచి చూశాడు. ప్రతి స్వరానికీ ఎంతో కొంత బిగువు కావాల్సిందేనని, సంపూర్ణ విశ్రాంతితో వాయించడం జరిగే పని కాదని ఆయన పరిశీలనల్లో తేలింది.

అందుకని నేర్చుకోవలసింది వదిలే సమయం. కావలసిన క్షణంలో కావలసినంత బిగించి, పని అవగానే వదిలేయాలి. ఈ వదలడం సెకనులో చిన్న భాగంలో జరిగిపోతుంది కాబట్టి వాయించేవాళ్లకు తమంతట తాము పట్టుకోవడం కష్టం. పక్కన కూర్చున్న మనిషికి సులువుగా కనిపిస్తుంది. ఈ విద్యకు టీచర్ ఎందుకు కావాలంటే ప్రధానంగా ఇందుకే.

కీ లోపల ఏం జరుగుతుంది

కాస్త యంత్రం సంగతి తెలిస్తే చేతికి సగం పని తగ్గుతుంది. తెల్ల కీ పైనుంచి అడుగు దాకా దిగే లోతు సుమారు 10 మిల్లీమీటర్లు. దాన్ని మెల్లగా దింపడానికి సుమారు 50 గ్రాముల బరువు చాలు. 60 కిలోల మనిషికి ఒక చెయ్యి, భుజం నుంచి వేళ్ల దాకా, దాదాపు మూడు కిలోలు ఉంటుంది. కాబట్టి బలం చాలకపోవడం అనే సమస్యే లేదు. ఉన్న బరువును కీ దాకా రానివ్వకుండా భుజం దగ్గరో, మోచెయ్యి దగ్గరో పట్టి ఉంచుతాం. ఆ తర్వాత వేలితో ఎక్కువ కష్టపడి నొక్కుతాం.

ఇంకో సంగతి ఇంతకంటే ముఖ్యం. కీ దిగుతుంటే లోపల సుత్తి పైకి లేస్తుంది. అది తీగను తాకడానికి కాస్త ముందే యంత్రాంగం సుత్తిని విడిచిపెట్టేస్తుంది. ఆ మిగిలిన దూరం సుత్తి తన వేగంతో తానే వెళ్లి తీగను కొడుతుంది. 1700 ప్రాంతంలో ఫ్లోరెన్స్‌లో బార్తొలొమియో క్రిస్టొఫోరి చేసిన తొలి పియానోల నుంచీ ఈ ఏర్పాటు ఉంది. అంటే స్వరం మోగాక కీని అడుగున పెట్టి ఎంత నొక్కినా శబ్దంలో రవ్వంత తేడా రాదు. అలిసిపోయేది ముంజేయి మాత్రమే. డిజిటల్ పియానోలోనూ ఇంతే. అందులోని సెన్సర్లు కీ ఎంత వేగంగా దిగిందో చూసి శబ్దాన్ని నిర్ణయిస్తాయి, ఆ తర్వాతి నొక్కుడును పట్టించుకోవు. ఆఫ్టర్‌టచ్ (కీ దిగాక నొక్కే ఒత్తిడిని కూడా పట్టించుకునే ఏర్పాటు) ఉన్న కొన్ని సింథసైజర్ల సంగతి వేరు.

ఇక చెయ్యి. వేళ్లను వంచే, చాచే పెద్ద కండరాలు వేళ్లలో లేవు. అవి ముంజేతిలో ఉన్నాయి. అక్కడి నుంచి టెండన్లు (కండరాన్ని ఎముకకు కలిపే తాళ్లు) మణికట్టు మీదుగా వేళ్లలోకి వెళ్తాయి. వంచే కండరం, చాచే కండరం రెండూ ఒకేసారి లాగితే వేలు కదలదు, కానీ చెయ్యి అలిసిపోతుంది. మనం టెన్షన్ అంటున్నది చాలాసార్లు ఈ లాగులాటనే.

ఉంగరపు వేలి మాట వచ్చినప్పుడల్లా నేనొక చిన్న పరీక్ష చేయమంటాను. అరచేతిని బల్ల మీద బోర్లా పెట్టి, మధ్యవేలిని మాత్రం లోపలికి మడిచి ఉంచండి. ఇప్పుడు ఉంగరపు వేలిని పైకెత్తి చూడండి. దాదాపు లేవదు. పక్కవేళ్ల టెండన్లతో దానికి అడ్డపట్టీల ముడి ఉంది. అది పుట్టుకతో వచ్చిన అమరిక, సాధనతో తెగేది కాదు. ఈ మాట పాతకాలపు టీచర్లకు నచ్చలేదు. 1814లో యోహాన్ బెర్నార్డ్ లోజియర్ చేతిని, వేళ్లను ఒకే భంగిమలో బంధించి ఉంచే కైరోప్లాస్ట్ అనే పరికరానికి పేటెంట్ తీసుకున్నాడు. అది కొంతకాలం బాగానే అమ్ముడుపోయింది కూడా. జర్మన్ స్వరకర్త రాబర్ట్ షూమన్ 1830ల మొదట్లో కుడిచేతి వేలు పాడై పియానో కచేరీల ఆశ వదులుకున్నాడు. దానికి వేలికి తగిలించుకున్న సాధనం కారణమా, మరోటా అన్నది ఇప్పటికీ తేలలేదు. వేళ్లన్నిటికీ సమాన బలం రావాలని పట్టుబట్టే టీచర్ ఈ రోజుల్లోనూ దొరుకుతారు. అక్కడ జాగ్రత్త.

టీచర్‌ని ఎలా ఎంచుకోవాలి

డిప్లొమా చూస్తే ఆ మనిషి వాయించగలరని తెలుస్తుంది. మీ చెయ్యి చూడగలరా లేదా అన్నది తెలియదు. కుదిరితే చేరేముందు వేరే విద్యార్థి క్లాసు ఒకటి కూర్చుని చూడండి. టీచర్ కళ్లు ఎక్కడున్నాయో గమనించండి. గంటసేపూ పుస్తకం మీదే ఉండి, తప్పు స్వరం పడినప్పుడు మాత్రమే తల ఎత్తుతుంటే అక్కడ చేతి పాఠం జరగడం లేదు. మంచి టీచర్ మధ్యమధ్య లేచి పక్కకు వచ్చి నిలబడతారు. మోచెయ్యి చూస్తారు, స్టూలు జరుపుతారు, "ఇప్పుడు ఎడం భుజం ఎక్కడుంది?" అని అడుగుతారు.

ట్రయల్ క్లాసులో ఒక ప్రశ్న వేయండి: "మాస్టారూ, ఈ లైను దగ్గరకొచ్చేసరికి ముంజేయి లాగేస్తోంది, ఏం చేయమంటారు?" జవాబు "ప్రాక్టీస్ చేస్తే అదే పోతుంది" అయితే నమస్కారం పెట్టి వచ్చేయండి. "ఏదీ, వాయించండి చూద్దాం" అని, చూశాక ఫింగరింగ్ (ఏ స్వరానికి ఏ వేలు అన్నది) మార్చడమో, చెయ్యి నడిచే దారి మార్చడమో చేస్తే అక్కడ చేరవచ్చు. బిగువుకు మందు దాదాపు ఎప్పుడూ కదలికలో మార్పే. ఉపదేశం కాదు.

పద్ధతుల పేర్లు కూడా వింటారు. 19వ శతాబ్దంలో జర్మనీలో లుడ్విగ్ డెప్పె చేతి బరువును వాడుకోమన్నాడు. లండన్‌లో టోబియాస్ మాథే (1858–1945) స్వరం మోగాక వదిలేయడం గురించే జీవితమంతా చెప్పాడు. అమెరికాలో డరతీ టాబ్‌మన్ (1917–2013) ముంజేతి తిప్పుడును ఆధారం చేసుకుని, చేతులు దెబ్బతిన్న ఎంతోమందికి మళ్లీ వాయించడం నేర్పింది. అమెరికాలో ఉన్న తెలుగు కుటుంబాలకు ఆమె పద్ధతిలో తయారైన టీచర్లు దొరికే అవకాశం ఉంది. హైదరాబాద్‌లోనో విజయవాడలోనో ఉన్నవాళ్లు పేరు కోసం వెతుక్కోనక్కరలేదు, పైన చెప్పిన చూపు ఉంటే చాలు. ఏ పద్ధతినైనా వేదంలా పట్టుకున్నవాళ్ల దగ్గర పిల్లలు మరో రకంగా బిగుసుకుపోతారు.

ఈ పాఠంలో టీచర్ చెయ్యి పట్టుకుని చూపించక తప్పదు. ముందుగా అడిగి పట్టుకునే టీచర్ కావాలి. చిన్నపిల్లలైతే తల్లో తండ్రో గదిలోనే కూర్చోవడం మంచిది. చూసిన కదలికను ఇంటి దగ్గర గుర్తుచేయడానికి కూడా అది పనికొస్తుంది. తొలి నెలల్లో వారానికి ఒక గంట కంటే అరగంట చొప్పున రెండు క్లాసులు మేలు. పొరపాటు కదలిక వారమంతా పాతుకుపోయే లోపే ఎవరో ఒకరు చూస్తారు.

స్టూలు, ఎత్తు, దూరం

మన ఇళ్లలో మొదటి బిగువు ఇక్కడే పుడుతుంది. పియానో తెల్ల కీస్ నేల నుంచి సుమారు 72, 73 సెంటీమీటర్ల ఎత్తులో ఉంటాయి. డైనింగ్ టేబులే దాదాపు 75 సెంటీమీటర్లు. దాని మీద కీబోర్డు పెట్టి మామూలు కుర్చీలో కూర్చుంటే భుజాలు పైకి లేవక తప్పదు. మంచం మీద పెట్టి వాయించడం, హార్మోనియంలా నేల మీద బాసింపట్టు వేసుకుని వాయించడం ఇంకా కష్టం. ఎత్తు సర్దుకునే గట్టి స్టాండు కొనండి. ఎక్స్ ఆకారపు పల్చటి స్టాండు ఊగుతుంటే, ఆ ఊపును ఆపడానికి చెయ్యి తెలియకుండానే బిగుసుకుంటుంది.

స్టూలు ఎత్తు చూసుకోవడం ఇలా. ముందు అంచున కూర్చోండి, తొడలు సగమే స్టూలు మీద ఉండాలి. పాదాలు రెండూ నేలకు ఆనాలి. చేతులు పక్కలకు వదిలేసి, మోచేతులు మడిచి వేళ్లు కీస్ మీద పెట్టండి. ముంజేయి నేలకు సమాంతరంగా ఉందంటే దాదాపు సరిపోయినట్టే. ఒక అంగుళం అటూ ఇటూ టీచర్ నిర్ణయిస్తారు. దూరం సంగతికొస్తే, రెండు పిడికిళ్లూ ఒంటి ముందు కలిపి అటూ ఇటూ కదిపినా మోచేతులు పొట్టకు తగలకూడదు. పిల్లలకు పాదాల కింద పీట వేయాలి. కాళ్లు గాలిలో వేలాడే పిల్లలు నడుమును పట్టి ఉంచుతారు, ఆ పట్టు మెడ దాకా పాకుతుంది.

61 తేలికపాటి కీస్ ఉన్న కీబోర్డు మీద మొదలుపెట్టవచ్చు. కానీ చేతి బరువు పాఠం దాని మీద సరిగా అర్థం కాదు. వీలైనంత త్వరగా 88 వెయిటెడ్ కీస్ (అసలు పియానోలా బరువుగా దిగే కీస్) ఉన్న డిజిటల్ పియానోకు మారండి.

మొదటి మెట్టు: కీస్ ముట్టకుండా

టీచర్ మీ ముంజేతిని కింద నుంచి రెండు చేతులతో పట్టుకుంటారు. బరువంతా ఆ చేతుల్లో పెట్టేయమంటారు. పెట్టేశానని మీరనుకుంటారు. అప్పుడు ఆ చేతులు ఉన్నట్టుండి పక్కకు తీస్తే మీ చెయ్యి ఒళ్లో పడిపోవాలి. చాలామందికి పడదు, గాలిలో అలాగే నిలబడి ఉంటుంది! ఎంత పట్టి ఉంచుతున్నారో మీకు మొదటిసారి తెలిసేది అప్పుడే. పెద్దవాళ్లకు, అందులోనూ ఆఫీసులో రోజంతా మౌస్ పట్టుకునేవాళ్లకు, ఇది రావడానికి కొన్ని క్లాసులు పట్టవచ్చు. పిల్లలకు ఆటలా వచ్చేస్తుంది. ఇంట్లో మరొకరి సాయంతో రోజూ ఒకట్రెండు నిమిషాలు చేస్తే చాలు.

రెండో మెట్టు: ఒకే ఒక్క స్వరం

తొందరపడకూడని చోటు ఇది. తర్వాత వచ్చేవన్నీ దీని మీదే నిలబడతాయి కాబట్టి కాస్త వివరంగా రాస్తున్నాను.

కుడిచెయ్యి ఒళ్లో ఉంది. మోచెయ్యి నుంచి ముంజేతిని తేలిగ్గా లేపండి, మణికట్టు ముందు లేస్తుంది, వేళ్లు వెనక వస్తాయి. మూడు నల్ల కీస్ గుంపులో నడిమిది, అంటే జి షార్ప్ మీద మధ్యవేలి మెత్తటి భాగం ఆనించండి. ఇంకా నొక్కవద్దు. ఇప్పుడు చేతి బరువును ఆ వేలి మీదుగా కిందికి వదలండి. ఈ క్షణంలో వేలు మాత్రం గట్టిగా ఉండాలి. గోటి దగ్గరి కణుపు లోపలికి విరిగినట్టు వంగిపోతే బరువు అక్కడే ఆగిపోతుంది. స్వరం మోగింది. మోగీ మోగగానే, కీని అడుగున పట్టి ఉంచేంత పట్టు తప్ప మిగతాదంతా వదిలేయండి. ఆ పట్టు కూడా 50 గ్రాముల లోపే అని గుర్తుంచుకోండి. వేలు కీ మీద అలాగే ఉంటుంది, శబ్దం ఆరిపోయేదాకా వింటారు.

సరిగ్గా అప్పుడు టీచర్ ఒక వేలు మీ మణికట్టు కింద పెట్టి పైకి లేపుతారు. అది అడ్డు చెప్పకుండా లేచి, తీసేయగానే మళ్లీ దిగాలి. మొరాయిస్తే మీరింకా నొక్కుతున్నారన్నమాట. తర్వాత బొటనవేలు చూస్తారు. మధ్యవేలు వాయిస్తుంటే బొటనవేలు పుల్లలా బయటికి పొడుచుకు వచ్చిందా? చిటికెనవేలు గాలిలోకి లేచిందా? దవడ బిగిసిందా? ఊపిరి ఆగిందా? ఈ చివరిది పెద్దవాళ్లలో మరీ ఎక్కువ. కష్టమైన లైను వచ్చిందంటే ఊపిరి బిగబడతారు.

కీ వదిలేటప్పుడు వేలిని లాక్కోకండి. మణికట్టు ముందు తేలితే వేలు దాని వెంట వచ్చేస్తుంది. ఇలాంటి స్వరాలు పూటకు పది చాలు, ప్రతిదీ చివరిదాకా విని. తర్వాత మిగతా వేళ్లతో, ఎడమచేత్తో. రెండు వారాలు ఇదే పాఠమా అని ఇంట్లోవాళ్లు అడుగుతారు. అడగనివ్వండి.

మూడో మెట్టు: ఐదు వేళ్లు

అందరూ సి నుంచి జి దాకా తెల్ల కీస్ మీద మొదలుపెడతారు. చదవడానికి అది సులువు, చేతికి కాదు. పియానో స్వరకర్త షోపాన్ పారిస్‌లో తన శిష్యులకు కుడిచేతి బొటనవేలు ఇ మీద, తర్వాతి మూడు వేళ్లు ఎఫ్ షార్ప్, జి షార్ప్, ఎ షార్ప్ మీద, చిటికెనవేలు బి మీద పెట్టించేవాడు. పొడవైన మూడు వేళ్లూ ఎత్తుగా ఉన్న నల్ల కీస్ మీద, పొట్టివి రెండూ తెల్ల కీస్ మీద పడతాయి. చెయ్యి దానంతట అదే గుండ్రంగా కుదురుతుంది, ఏ వేలినీ ముడవనక్కరలేదు. మీ టీచర్‌కి ఇష్టమైతే ఇక్కడి నుంచే మొదలుపెట్టమని అడగండి. చదవడం తర్వాత వస్తుంది.

ఒక్కో వేలు వాయిస్తుంటే బరువు దాని వెనకే నడవాలి. ఉంగరపు వేలి దగ్గరికి వచ్చేసరికి మోచెయ్యి పిసరంత బయటికి జరిగి ముంజేయి సరిగ్గా ఆ వేలి వెనక్కి వస్తుంది. వేలిని ఎత్తి కొట్టే పని ఉండదు. 1873లో అచ్చయిన హానన్ ఎక్సర్‌సైజులు (వేళ్ల సాధన పాఠాలు) మన దగ్గర చాలామంది టీచర్లు చేయిస్తారు. ఆ స్వరాలతో ఇబ్బంది లేదు. వేళ్లు బాగా పైకెత్తి కొట్టమనే సూచన పాటిస్తేనే చిక్కు. టీచర్ ఇస్తే చేయండి, వేలిని కీ మీదే ఉంచి చేయవచ్చా అని అడిగి చేయండి.

నాలుగో మెట్టు: ముంజేతి తిప్పుడు

తలుపు తాళంలో చెవి తిప్పినట్టు ముంజేతిని అటూ ఇటూ తిప్పండి. మోచెయ్యి చోటు మారదు, అరచెయ్యి మాత్రం బొటనవేలి వైపు ఒకసారి, చిటికెనవేలి వైపు ఒకసారి ఒరుగుతుంది. ఇప్పుడు బొటనవేలు సి మీద, చిటికెనవేలు జి మీద పెట్టి అదే తిప్పుడుతో సి, జి, సి, జి వాయించండి. వేళ్లు విడిగా ఏమీ చేయనట్టే ఉంటుంది, శబ్దం మాత్రం నిండుగా వస్తుంది. బలహీనమనుకున్న చిటికెనవేలికి బలం ఎక్కడి నుంచి వస్తుందో ఇక్కడ తెలుస్తుంది.

మొదట పెద్దగా తిప్పి, వారాలు గడిచేకొద్దీ తగ్గించుకుంటూ రావాలి. చివరికి చూసేవాళ్లకు కనబడనంత చిన్నదవుతుంది, కానీ లోపల ఉంటుంది. ఇలా తిప్పుడును చిన్నది చేసుకునే ఘట్టం టీచర్ లేకుండా చేయవద్దు. తిప్పుడు తగ్గించమంటే చాలామంది తిప్పుడు ఆపేసి, మళ్లీ వేలిని ఎత్తడం మొదలుపెడతారు.

ఐదో మెట్టు: స్కేళ్లు

స్కేలు అంటే స్వరాలను వరసగా ఎక్కి దిగడం. షోపాన్ స్కేళ్లలో బి మేజర్ ముందు, సి మేజర్ చివర నేర్పేవాడు. బి మేజర్‌లో ఐదు నల్ల కీస్ ఉన్నందువల్ల పొడవైన వేళ్ల కింద బొటనవేలు దూరడానికి బోలెడు చోటు ఉంటుంది. సి మేజర్‌లో అంతా ఒకే ఎత్తు, బొటనవేలు ఇరుకులోంచి పాకాలి.

బొటనవేలు కదిలే మొదలు మణికట్టు పక్కనే ఉంది, చివరి రెండు కణుపుల దగ్గర కాదు. దాన్ని అరచేతి కిందికి బలవంతంగా మడిస్తే ముంజేయి మొత్తం పట్టేస్తుంది. దానికి బదులు చెయ్యి పక్కకు నడిచి బొటనవేలిని దాని కీ దగ్గరికి తీసుకెళ్లాలి. పైకి వెళ్తుంటే మోచెయ్యి ఆలస్యం చేయకుండా వెంట రావాలి. ఇంకో పొరపాటు, చెయ్యిని చిటికెనవేలి వైపు మణికట్టు దగ్గర వంచడం. రెండు చేతులూ కీబోర్డు నడిమధ్యకు వచ్చినప్పుడు ఇది తప్పకుండా కనిపిస్తుంది. ఒళ్లు కాస్త వెనక్కి జరిపి, మోచేతులు కాస్త బయటికి పెడితే మణికట్టు మళ్లీ సూటిగా వస్తుంది.

కార్డ్స్, ఆక్టేవ్‌లు

ఆక్టేవ్ (ఒక సి నుంచి తర్వాతి సి దాకా) వెడల్పు సుమారు 16.5 సెంటీమీటర్లు. చిన్న చేతులున్న పిల్లలతో అది సాగదీయించవద్దు, తేలికచేసిన పాఠం ఇమ్మని అడగండి. చేతులు అందేవాళ్లకు ఒకటే నియమం: కార్డ్ (ఒకేసారి మోగించే స్వరాల గుంపు) వాయించాక చెయ్యి మూసుకోనివ్వాలి. చాలామంది ఒక ఆక్టేవ్ నుంచి ఇంకో ఆక్టేవ్‌కు చెయ్యి చాచి ఉంచే ప్రయాణం చేస్తారు. నొప్పి అంతా ఆ ప్రయాణంలోనే.

వేగం పెంచడం

సరళీ స్వరాలు మూడు కాలాల్లో పాడినవాళ్లకు ఈ సంగతి త్వరగా పట్టుబడుతుంది. మొదటి కాలంలో హాయిగా నడిచిన చెయ్యి రెండో కాలంలో ఎందుకు బిగుసుకుంటుంది? నిదానంగా వాయించేటప్పుడు ప్రతి స్వరానికీ ఒక మణికట్టు ఊపు, ఒక వేలి ఎత్తు పెట్టుకున్నాం. వేగం రెట్టింపైతే వాటికి సమయం లేదు, కానీ చెయ్యి వాటన్నిటినీ ఇరికించాలని చూస్తుంది. కాబట్టి నిదానంలోనూ వేగానికి సరిపోయే కదలికలే వాడాలి. నాలుగు స్వరాలకు కలిపి ఒకే చేతి కదలిక ఏదో టీచర్ ముందు తేల్చాలి, తర్వాతే మెట్రోనోమ్ (టక్ టక్‌మని లయ కొలిచే పరికరం).

మెట్రోనోమ్‌ను రోజుకు నాలుగు అంకెలు పెంచుకుంటూ పోయే పద్ధతి నాకు నచ్చదు. బిగువు కూడా రోజుకు కొంచెం చొప్పున పెరుగుతుంది, ఎక్కడ మొదలైందో ఎవరికీ తెలియదు. దానికి బదులు నాలుగే స్వరాలు తీసుకుని, కావలసిన పూర్తి వేగంతో వాయించి ఆగిపోండి. ఆగిన స్వరం మీద మణికట్టు పరీక్ష చేయండి, ఒంటి స్వరం పాఠంలో చేసినట్టే. వదులుగా ఉంటే తర్వాతి నాలుగు. ఆ తర్వాత రెండు ముక్కలూ కలిపి. ఆగే చోటులో వదలడం వచ్చాక, ఆగే సమయాన్ని తగ్గించుకుంటూ పోవచ్చు.

ఇంటి సాధన, నొప్పి

పది పదిహేను నిమిషాలకొకసారి లేవండి. రోజులో మూడుసార్లు కొంచెంసేపు కూర్చోవడం ఒకేసారి ఎక్కువసేపు కూర్చోవడం కంటే మేలు. పరీక్ష ముందు వారాల్లో ఒక్కసారిగా సాధన సమయం రెట్టింపు చేయవద్దు, చేతులు దెబ్బతినేది సాధారణంగా అప్పుడే. ట్రినిటీ, ఏబీఆర్‌ఎస్‌ఎం సంస్థల గ్రేడ్ పరీక్షలకు దరఖాస్తు చేసేముందు తేదీ కంటే చెయ్యి ముఖ్యమని టీచర్‌తో ఒక మాట అనుకోండి.

కొత్త కదలిక నేర్చుకుంటున్నప్పుడు కండరం కాస్త అలిసినట్టు ఉండడం సహజం, లేచి తిరిగితే పోతుంది. పదునైన నొప్పి, తిమ్మిరి, వేళ్లలో జివ్వుమనడం, రాత్రి నిద్రలో చెయ్యి మొద్దుబారడం మాత్రం వేరు. అప్పుడు వాయించడం ఆపి ఆర్థోపెడిక్ డాక్టర్‌నో, చేతుల సంగతి తెలిసిన ఫిజియోథెరపిస్టునో కలవాలి. ఒక వేలు తన ఇష్టం వచ్చినట్టు ముడుచుకుపోతుంటే, నొప్పి లేకపోయినా, న్యూరాలజిస్టు దగ్గరికి వెళ్లాలి. అమెరికన్ పియానిస్టు లియన్ ఫ్లైషర్‌కు 1960ల మధ్యలో కుడిచేతి ఉంగరపు, చిటికెన వేళ్లు అలా ముడుచుకుపోయాయి. అది ఫోకల్ డిస్టోనియా, అంటే కండరాలు అదుపు తప్పి బిగుసుకునే నరాల జబ్బు. మొదట్లో ఆయన మరింత సాధన చేసి గెలవాలని చూశాడు. దశాబ్దాల పాటు ఎడమచేతి రచనలు వాయిస్తూ, పాఠాలు చెబుతూ గడిపి, 1990లలో బోటాక్స్ ఇంజెక్షన్ల సాయంతో రెండు చేతుల కచేరీలకు తిరిగి వచ్చాడు.

ఏళ్లుగా వాయిస్తున్నవాళ్లు మళ్లీ నేర్చుకోవాలంటే

చర్చిల్లో, ఆర్కెస్ట్రాల్లో తేలికపాటి కీబోర్డు నిలబడి వాయించి, తర్వాత అసలు పియానోకు వచ్చేవాళ్లు మన దగ్గర చాలామంది. చెవి బాగుంటుంది, కార్డ్స్ నోటికి వచ్చు, చెయ్యి మాత్రం కొత్త బరువుకు గట్టిగా కొట్టడం మొదలుపెడుతుంది. వీళ్లకు మొదటి పాఠం ఆపడమే. పాత పాటలు పక్కన పెట్టాలి, ఎందుకంటే ఆ పాట మొదలవగానే పాత కదలిక దానితో పాటు లేస్తుంది. కొత్త కదలికను ఇంతకుముందెప్పుడూ వాయించని, బాగా సులువైన ముక్కలతో కట్టాలి. ఆదివారం ఆరాధనలో వాయించక తప్పని వాళ్లుంటారు. అక్కడ వీలైనంత తక్కువ స్వరాలతో, బేస్ గిటార్ ఉంటే ఎడమచెయ్యి ఇంకా తగ్గించి నెట్టుకురమ్మని నేనైతే చెబుతాను. కొన్ని నెలలు వెనక్కి వెళ్లినట్టే ఉంటుంది. ఆ నెలల్లో టీచర్‌ని మార్చకండి.

క్లాసు ఆన్‌లైన్‌లో అయితే

ఊళ్లో టీచర్ లేనివాళ్లకు ఇదే దారి. బరువు పట్టుకుని చూసే పరీక్ష తెర మీదుగా కుదరదు. అందుకని మూడు నాలుగు నెలలకు ఒకసారైనా ప్రయాణం చేసి ఎదురుగా ఒక క్లాసు తీసుకునేలా మాట్లాడుకోండి. మిగతా రోజుల్లో కెమెరా ముఖానికి ఎదురుగా పెట్టవద్దు. కుడివైపు పక్క నుంచి, కీబోర్డు ఎత్తులో, భుజం నుంచి వేలి చివర దాకా ఒకే ఫ్రేములో పడేలా పెట్టాలి. రెండో ఫోన్ ఉంటే పైనుంచి. పొడుగు చేతుల చొక్కా వేసుకుంటే మోచెయ్యి, ముంజేతి కండరం టీచర్‌కి కనిపించవు, పొట్టి చేతులది వేసుకోండి. క్లాసుకు ముందు రోజు, బిగుసుకునే ఆ ఒక్క లైను మాత్రమే అరనిమిషం వీడియో తీసి పంపండి. టీచర్ దాన్ని నిదానం చేసి చూసుకుని వస్తే, క్లాసు మొదటి నిమిషం నుంచే ఆ చోటు మీద పని జరుగుతుంది.